రొయ్యకున్న పాటి పొదుపు

మొన్న రేపల్లె వెళ్ళినప్పుడు బాబాయితో నిజాంపట్నం వైపు వనామి చెరువులు చూడ్డానికెళ్ళాను. రొయ్యకి జబ్బు చేస్తే ఏంటి సంగతి అనడిగా. "ఇదివరకు మేతలో యాంటీబయాటిక్ కలిపేసేవాళ్ళంరా. ఇప్పుడు టెస్టులో దొరికితే సరుకు వెనక్కొస్తుంది" అన్నాడు. అంటే భయమల్లా ఎగుమతి గురించే! అసలు భయపడాల్సింది వేరే ఉంది.

రొయ్యకి మనలాగా యాంటీబాడీలుండవు. దాని రక్తకణాల్లో పెనెయిడిన్లనే పెప్టైడ్లు, అంటే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలుంటాయి. 1997లో వీటిని కనుక్కున్నది ఈ వనామి రొయ్యలోనే. మన చర్మంలో, పేగుల్లో కూడా క్రిముల్ని చంపే పెప్టైడ్లున్నాయి. వీటిల్లో చాలావాటి పద్ధతి ఒకటే. బ్యాక్టీరియా పైపొర మీద నెగెటివ్ ఛార్జి, పెప్టైడ్ మీద పాజిటివ్. వెళ్ళి అతుక్కుని, పొరలోకి దూరి కన్నాలు పెడుతుంది. లోపలిదంతా కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది. మన కణాలకి బయటివైపు ఆ ఛార్జి దాదాపు ఉండదు కాబట్టి మన జోలికి పెద్దగా రాదు.

ఏదో ఒక్క ఫంక్షన్ మీద దాడైతే బ్యాక్టీరియా పాచ్ వేసేసుకుంటుంది. గోడ మొత్తం మార్చుకోవడం కష్టం. కష్టమేగానీ అసాధ్యం కాదు.

కొలిస్టిన్ కూడా ఇలాంటి పెప్టైడే. ఐసీయూలో మిగతా మందులు పనిచెయ్యనప్పుడు, కిడ్నీలకి ముప్పని తెలిసీ ఎక్కించే ఆఖరి అస్త్రం. అలాంటిదాన్ని కోళ్ళూ పందులూ బాగా పెరగాలని మేతలో కలిపారు! 2015లో చైనాలో ఎంసీఆర్-1 అనే జీను బయటపడింది. అది పైపొర మీది నెగెటివ్ ఛార్జిని తగ్గించేస్తుంది, ఇక మందు సరిగా అతుక్కోదు. పైగా పెన్‌డ్రైవ్ వైరస్‌లాగా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి కాపీ అయిపోతుంది. మన ప్రభుత్వం 2019 జులైలో కోళ్ళకీ, ఆక్వాకీ కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచి పని.

అలాగని తప్పంతా రైతుల మీదకి నెట్టేస్తే కుదరదు. తెనాలిలో మెడికల్ షాపుకెళ్ళి, డాక్టరు చీటీ లేకుండా జలుబుకి యాంటీబయాటిక్ అడిగినవాణ్ణే నేనూ. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని యాంటీబయాటిక్ ఏమీ చెయ్యలేదు. బ్యాక్టీరియాకి మాత్రం ఉచిత శిక్షణ :-)

చెరువులో రొయ్యపిల్లని పలచగా వదిలి, నీళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలంటే ఖర్చే, ఒప్పుకుంటా. కానీ రేపు బాపట్లలో ఏ ఆస్పత్రిలోనో మన అమ్మకో నాన్నకో ఆఖరి మందు కూడా పనిచెయ్యకపోతే? దాని ముందు ఈ ఖర్చెంత?

రొయ్య తన పెప్టైడ్లని రక్తకణాల్లో దాచుకుని, క్రిమి దాడి చేసినప్పుడే బయటికి వదులుతుంది. ఆపాటి పొదుపు మనకెందుకు లేదంటారు?