వేలం కన్నా ముందు సర్వే జరగాలి
అగ్నిగుండాల పాత గనుల రక్షణ కోసం పల్నాడు ప్రజలకు విజ్ఞప్తి



వినుకొండకు దగ్గరలోని అగ్నిగుండాల కొండల్లో మన పూర్వులు రాగి తవ్వారు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్, 1814లో లండన్‌లో అచ్చయిన తన పుస్తకంలో ఈ రాగి గనుల గురించి రాశాడు. ఆయన నాటికే అవి పాత గనులు. వాటిని తొలిచిన చేతులు ఎవరివో, ఏ కాలానివో మాత్రం ఈనాటికీ మన పాఠ్యపుస్తకాల్లో లేదు.

ఈ కొండలు కడప శిలామండలానికి చెందినవి. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద, సున్నపు పొరలు గట్టిపడి ఈ రాళ్లయ్యాయి. నల్లకొండ వైపు రాగి, బండ్లమోటు వైపు డోలమైట్ రాతిలో సీసం ఈ పొరల్లోనే చేరాయి. వానకూ గాలికీ రాగి ఖనిజం మారిపోయి రాతి మీద పచ్చటి మరకలు పడతాయి. యంత్రాలు లేని కాలంలో ఆ పచ్చదనమే జాడ. ఆ జాడ పట్టుకునే పూర్వులు కొండను తొలిచారు.

సీసపు ఖనిజంలో కొద్దిపాటి వెండి కలిసి ఉండడం సహజం. సీసాన్ని ఎముకల బూడిద మూసలో కరిగించి గాలి ఊదితే సీసం మడ్డిగా మారి తొలగిపోతుంది, వెండి మిగులుతుంది. రాజస్థాన్‌లోని జావర్‌లో రెండు వేల ఏళ్ల కిందటే వెండి కోసం గనులు తవ్వారని అక్కడి సొరంగాల్లో దొరికిన కలప కాలాన్ని లెక్కగట్టి తేల్చారు. మన కొండల్లో కూడా వెండి తీశారా? ఆ జవాబు చిట్టెపు రాళ్లలో (లోహం కరిగించగా మిగిలిన వ్యర్థంలో), పాత గుంతల్లోని బొగ్గులో ఉంది. రోడ్డు పనికో గట్టు పనికో చిట్టెం ఎత్తుకుపోతే ఆ జవాబు శాశ్వతంగా పోతుంది.

ఇప్పుడే ఈ మాట ఎందుకు అంటున్నామంటే, 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రాగి ఉంది. విద్యుత్ తీగలకు, బ్యాటరీ వాహనాలకు రాగి కావాలి. రేపు గనుల వేలం జరిగి ఈ కొండల మీదికి మళ్లీ డ్రిల్లింగ్ యంత్రాలు రావచ్చు. తవ్వకానికి మేం వ్యతిరేకం కాదు. పనులు వస్తే మన పిల్లలకే మేలు. కానీ ఒక్క బుల్డోజర్ ఒక్క పూటలో చెరిపేసిన పాత గనిని ఏ నష్టపరిహారమూ తిరిగి తేలేదు.

రెండో సంగతి మన ఆరోగ్యం. బండ్లమోటులో దశాబ్దాలపాటు సీసం తవ్వారు, తర్వాత ఆపేశారు. సీసం మట్టిలో కుళ్లిపోదు, ఆవిరైపోదు. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. ఫలానా మోతాదు వరకు ప్రమాదం లేదని చెప్పగల హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. అందుకే అనుమానం ఉన్నచోట పరీక్ష చేయించడం ప్రభుత్వ బాధ్యత.

మా డిమాండ్లు ఇవి:

1. కొత్త అన్వేషణకు, లీజుకు, వేలానికి ముందే రాష్ట్ర పురావస్తు శాఖ, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కలిసి పాత గుంతలను, సొరంగాలను, చిట్టెపు కుప్పలను గుర్తించి పటం గీయాలి. బొగ్గు, చిట్టెం నమూనాలను ప్రయోగశాలకు పంపాలి.

2. ముఖ్యమైన చోట్లను 1960 నాటి రాష్ట్ర పురావస్తు రక్షణ చట్టం కింద ప్రకటించాలి.

3. తెరిచి ఉన్న గుంతల చుట్టూ కంచె వేసి, తెలుగులో హెచ్చరిక బోర్డులు పెట్టాలి.

4. చుట్టుపక్కల ఊళ్ల బావులు, చెరువులు, మట్టితోపాటు పిల్లల రక్తంలోనూ సీసం పరీక్షించాలి. నీటి, మట్టి ఫలితాలను గ్రామ సచివాలయంలో అతికించాలి. పిల్లల ఫలితాలను తల్లిదండ్రులకే అందించి, అవసరమైనవారికి వైద్యం చేయించాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. గనుల ప్రభావం పడిన ప్రాంతాల కోసమే 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధిని ఏర్పాటు చేశారు. పల్నాడులో సున్నపురాయి తవ్వకం సాగుతూనే ఉంది. ఆ నిధిలోంచి ఈ ఖర్చు పెట్టమని అడగడం మన హక్కు.

ఇది జరగని పని కాదు. జావర్‌లో గని సంస్థ, బరోడా విశ్వవిద్యాలయం, బ్రిటిష్ మ్యూజియం కలిసి పరిశోధించాయి. 1988లో అమెరికా లోహశాస్త్ర సంఘం ఆ చోటును చారిత్రక స్థలంగా గుర్తించింది. తవ్వకమూ పరిశోధనా పక్కపక్కనే నడవగలవని జావర్ రుజువు చేసింది.

మీరు చేయవలసింది: వచ్చే గ్రామసభలో ఈ నాలుగు డిమాండ్ల మీద తీర్మానం చేయించండి, నకలును కలెక్టరుకు పంపండి. ఏ గుంత ఎక్కడుందో మేకల కాపరులకు, కట్టెలకు వెళ్లేవారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వారి చేత చెప్పించి రాసిపెట్టండి. గుంతల్లోకి మాత్రం ఎవరూ దిగకండి, పిల్లలను దిగనివ్వకండి. లోపల గాలి చెడి ఉండవచ్చు, కప్పు కూలవచ్చు. చిట్టెపు రాళ్లను కదిలించకండి, అమ్మకండి.

గ్రామసభ తీర్మానం కాగితం మీదికి వస్తే అధికారులు జవాబు చెప్పక తప్పదు. ఈ నెలలోనే మొదలుపెడదాం!