ఆరోగ్యప్రసంగము: కొవ్వును కీళ్లవాతమును



కీళ్లనొప్పులను గూర్చి మన యిండ్లలో రెండు మాటలు తఱచుగా వినబడుచుండును. లావైన యామెకు మోకాళ్లు నొచ్చినచో "బరువు మోయలేక" యందురు. సన్నని కోడలు వ్రేళ్లు నొచ్చుచున్నవన్నచో "బక్కపలుచని దానికి కీళ్లనొప్పు లెక్కడివి?" యని త్రోసివేయుదురు. ఈ రెండవ మాటవలన గలుగు కీడును జూపుటకే యీ మాసమున మేము కలము పట్టితిమి.

మేము చెప్పబోవునది వయసు మీఱి కీళ్లరుగుటవలన వచ్చు నొప్పి కాదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను వ్యాధి. దేహమును గాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి కీళ్ల లోపలి పొరపై దాడి చేయును. ఆ పొర వాచి, ఎముకల చివరలనుండు మెత్తని మృదులాస్థిని, పిదప నెముకను దినివేయును. ఇది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలుగా వచ్చును. మాధవనిదానమునందు ప్రత్యేకాధ్యాయముగా వర్ణింపబడిన ఆమవాతమునకు దీనితో బోలిక కలదు.

కొవ్వునకు నిందు బని యేమి? కొవ్వనగా మిగిలిన యాహారమును దాచుకొను గాదె యని చిరకాలము తలచిరి. 1994లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందమువారు లెప్టిన్ జన్యువును గనుగొనిన పిమ్మట నా తలంపు మారెను. కొవ్వు తానే హార్మోనులను బుట్టించి, రక్తముద్వారా మెదడునకును రక్షణకణములకును వార్తలంపుచున్నది. లెప్టిన్ కొవ్వు పెరిగిన కొలది పెరుగును; రక్షణకణములను రెచ్చగొట్టును. అడిపోనెక్టిన్ అనునది యిందుకు మాఱుగా సన్ననివారిలో హెచ్చు, లావైనవారిలో తక్కువ.

ఇచ్చటనే యొక వింత కలదు. అడిపోనెక్టిన్ రక్తనాళములకు మేలు చేయును. ఇన్సులిన్ పనికి దోడ్పడును. కాని ప్రయోగశాలలో కీలుపొర కణములకు దీనిని దగిలించి చూడగా, నవి మృదులాస్థిని గరగించు ఎంజైములను హెచ్చుగా విడిచినవి. ఈ హార్మోను హెచ్చుగానున్న రోగుల ఎక్స్‌రే చిత్రములలో కీళ్ల నష్టమును హెచ్చుగా గనబడినది. లావైన రోగులలో నెముక తరుగుట కొంత తక్కువగా నగపడుటకు నిదియు నొక హేతువు కావచ్చును. అన్నము వండు నిప్పే చూరునంటినచో నిల్లు గాల్చును గదా!

అట్లని లావు మేలని యెవ్వరును దలపవలదు. స్థూలకాయులకు నీ వ్యాధి సోకుట యెక్కువ, మందులకు లొంగుట తక్కువ, గుండెకును జేటు. మఱి సన్నగిలుటయు నెల్లవేళల శుభము కాదు. ఈ వ్యాధిలో కండ కరగి కొవ్వు మాత్రము నిలిచియుండుటయు గలదు. కోరకయే బరువు తగ్గుచున్నచో నది హెచ్చరికయే.

కావున మా మనవి యొక్కటే. ఒడలి లావును సన్నమును జూచి కీళ్లకు దీర్పు చెప్పవలదు. వేకువను లేచిన పిమ్మట నరగంటకు మించి వ్రేళ్లు బిగుసుకొనియుండుట, జడ యల్లుటకును గిన్నె పట్టుటకును జేయి ముడుచుకొనకుండుట, రెండు చేతుల చిన్న కీళ్లును వాచుట, ఇట్లు కొన్ని వారములు సాగినచో వైద్యునికి జూపవలెను. ఎముక నష్టము తొలి రెండేండ్లలోనే మొదలగుట తఱచు. పోయిన యెముక మరల రాదు. మెథోట్రెక్సేట్ వంటి మందులు వైద్యుని యాజ్ఞచే దొలినాళ్లలోనే వాడినచో నా నష్టమును జాలవఱకు నాపవచ్చును. ఇంట నొక పడుచు వ్రేళ్లు చాచి నొప్పియన్నపుడు, ఆమె నడుము కొలత చూడక యా వ్రేళ్లనే చూడుడు.