చెత్త బాధ్యత కంపెనీలది, కోత మాత్రం పత్తి రైతుకా?

యూరప్‌లో ఓ మనిషి పాత చొక్కా చెత్తబుట్టలో పడేస్తే, దాని ఖర్చు పర్కాల, నర్సంపేట పత్తి రైతు మీద పడుతుందా? నవ్వులాటగా అనిపించే ఈ ప్రశ్న రాబోయే రెండు మూడేళ్లలో మన మార్కెట్ యార్డుల దాకా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడే మాట్లాడుకుందాం.

యూరోపియన్ యూనియన్ 2025లో తన వ్యర్థాల చట్టాన్ని సవరించింది. ఆ సవరణ అక్టోబర్ 16 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బట్టలు, దుప్పట్లు, కర్టెన్లు, చెప్పులు అమ్మే కంపెనీలు, అవి పాతబడి చెత్తగా మారాక వాటిని సేకరించడానికి, వేరు చేయడానికి, తిరిగి వాడకంలోకి తేవడానికి అయ్యే ఖర్చు భరించాలి. 2028 ఏప్రిల్ నాటికి సభ్య దేశాలన్నీ ఈ ఏర్పాటు చేసుకోవాలి. దీన్ని విస్తృత ఉత్పత్తిదారు బాధ్యత అంటున్నారు, పొట్టిగా ఈపీఆర్. ఫ్రాన్స్‌లో బట్టల మీద ఈ పద్ధతి 2007 నుంచే ఉంది. నెదర్లాండ్స్ 2023లో మొదలుపెట్టింది.

ఇందులోని న్యాయం మనకు కొత్త కాదు. లాభం తిన్నవాడే నష్టం భరించాలి, అంతే. యూరప్‌లో ఏటా 1 కోటీ 26 లక్షల టన్నుల బట్టల వ్యర్థం పోగవుతోంది. నాలుగు సార్లు తొడిగి పారేసే చవక బట్టలు అమ్మి కంపెనీలు లాభాలు తీసుకుంటే, ఆ గుట్టలు ఎత్తే ఖర్చు ఇంతకాలం ప్రజల పన్నుల నుంచి పోయింది. మిగిలింది పాత బట్టల మూటలై పేద దేశాలకు చేరింది. మన దేశంలో పానిపట్‌కు వెళ్తే ఆ మూటలు కనిపిస్తాయి. కాబట్టి ఈ చట్టాన్ని మేం వ్యతిరేకించడం లేదు. మా పేచీ ఒక్కటే. ఈ బాధ్యత చట్టం ఎవరి మీద పెట్టిందో వాళ్ల దగ్గరే ఆగాలి. మెట్లు దిగి చేను దాకా రాకూడదు.

ఇక్కడ ఉత్పత్తిదారు అన్న మాటను జాగ్రత్తగా చూడాలి. మన దృష్టిలో ఉత్పత్తిదారు అంటే పంట తీసినవాడు. మనం పెట్టుకున్న సంఘాల పేర్లు కూడా రైతు ఉత్పత్తిదారుల సంఘాలే. కానీ ఈ చట్టంలో ఉత్పత్తిదారు అంటే ఆ దేశం మార్కెట్లో సరుకును మొదట అమ్మకానికి పెట్టినవాడు. అంటే బ్రాండు కంపెనీయో, దిగుమతిదారో, లేదా విదేశం నుంచి ఆన్‌లైన్‌లో నేరుగా కొనుగోలుదారుకు అమ్మేవాడో. పత్తి పండించినవాడు కాదు, జిన్నింగ్ మిల్లు కాదు, దారం వడికినవాడు కూడా కాదు. ధర నిర్ణయించే శక్తి ఉన్నవాడి మీదే చట్టం బాధ్యత పెట్టింది. ఇంతవరకు సరిగ్గానే ఉంది.

మరి భయం ఎందుకు? లెక్క చూద్దాం. 2023లో ఈ ప్రతిపాదన పెట్టినప్పుడు యూరోపియన్ కమిషన్ వేసిన అంచనా ఒక టీషర్టుకు 12 సెంట్లు. మన డబ్బులో సుమారు 12 రూపాయలు. అక్కడ టీషర్టు కొనేవాడికి అది లెక్కలోకి వచ్చే డబ్బు కాదు. ఇక్కడ మన వైపు నుంచి చూడండి. ఒక టీషర్టుకు సుమారు 200 గ్రాముల దూది కావాలనుకుందాం. క్వింటా పత్తి ఆడిస్తే వచ్చే దూది 34 కిలోల చొప్పున, ఆ టీషర్టుకు 600 గ్రాముల లోపు పత్తి పడుతుంది. 2025-26 పొడవు పింజ మద్దతు ధర 8,110 రూపాయలు. ఆ లెక్కన ఒక టీషర్టులో రైతుకు దక్కేది 48 రూపాయలు. అదీ మద్దతు ధర పూర్తిగా దక్కితే. ఆ 12 రూపాయలు కింది దాకా నెట్టేస్తే మన వాటాలో నాలుగో వంతు ఎగిరిపోతుంది. అంతా మన మీదే పడుతుందని అనడం లేదు. పదో వంతు పడినా క్వింటాకు 200 రూపాయల కోత. ఎకరానికి ఏడెనిమిది క్వింటాళ్లు తీసే కౌలు రైతుకు అది చిన్న మొత్తం కాదు.

పై ఖర్చు కిందికి ఎలా దిగుతుందో 2025 ఆగస్టులో కళ్లారా చూశాం. అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. దెబ్బ తగిలింది బట్టల ఎగుమతిదారులకు. వాళ్లను ఆదుకోవడానికి కేంద్రం ఏం చేసింది? పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు అవి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అమెరికా వేసిన పన్నుకు ఇక్కడి రైతు ధర చెల్లించాడు. యూరప్ ఖర్చు విషయంలోనూ ఇదే జరగదని ఎవరు హామీ ఇస్తారు?

మన జిల్లాకు ఇది దూరపు ముచ్చట కాదు. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. రైతుల భూముల్లో లేచిన పార్కు అది. పిల్లల దుస్తులు ఎగుమతి చేసే కిటెక్స్, కొరియాకు చెందిన యంగ్‌వన్ లాంటి కంపెనీలు అక్కడికి వచ్చాయి. 2023లో కేంద్రం దాన్ని పీఎం మిత్ర పార్కుల జాబితాలో చేర్చింది. చేను నుంచి దుస్తుల దాకా, అక్కడి నుంచి విదేశాల దాకా అన్నీ ఒక్కచోటే అన్నది ఆ పథకం చెప్పే మాట. అలాంటప్పుడు విదేశాల్లో పుట్టే ప్రతి ఖర్చూ, ప్రతి నిబంధనా అదే దారిలో వెనక్కి చేను దాకా రాగలదు.

కోత ఎప్పుడూ తన పేరుతో రాదు. చీటీలో ఈపీఆర్ అని ఎవరూ రాయరు. తేమ అంటారు, నాణ్యత అంటారు, కాగితాలు లేవంటారు. యూరప్ 2024లో తెచ్చిన మరో చట్టం ప్రకారం, ముందుముందు బట్టలకు డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. ఆ బట్ట దేనితో, ఎలా తయారైందో అందులో నమోదు చేయాలి. ఆ వివరాల కోసం మిల్లులు మన దగ్గరికి వస్తాయి. ఏ విత్తనం, ఏ మందు, ఎన్నిసార్లు కొట్టారు, భూమి ఎవరి పేరున ఉంది అని అడుగుతాయి. సీసీఐకి పత్తి అమ్మడానికి ఫోన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవడానికే మొన్నటి సీజన్‌లో ఎంత తిప్పలు పడ్డామో తెలుసు. పట్టా పాస్‌బుక్ లేని కౌలు రైతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వివరాలు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పనికి వెల ఉంది. అది కొనేవాడు కట్టాలి.

ఇంకో కోణం కూడా చూడాలి. కొన్నిచోట్ల మనమే చట్టం చెప్పిన ఉత్పత్తిదారులం అవుతాం. కొత్తవాడ దర్రీలకు 2018లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దళారీ లేకుండా నేరుగా విదేశాలకు అమ్ముదామన్న ఆశ మన రైతు సంఘాలకూ చేనేత సంఘాలకూ ఉంది, ఉండాలి కూడా. అయితే ఒక కారం ప్యాకెట్టో, ఒక దర్రీయో జర్మనీలోని ఇంటికి నేరుగా పంపిస్తే, దాని అట్టపెట్టె, ప్లాస్టిక్ కవరు బాధ్యత పంపినవాడిదే. అక్కడ 2019 నుంచి లూసిడ్ అనే రిజిస్టర్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, ప్యాకింగ్ బరువును బట్టి రుసుము కట్టాలి. 2022 జూలై నుంచి ఆ నమోదు లేనివారి సరుకును ఆన్‌లైన్ సైట్లు అమ్మకానికి పెట్టకూడదు. యూరప్ మొత్తానికీ కొత్త ప్యాకింగ్ చట్టం వచ్చింది, దాని అమలు తేదీ 2026 ఆగస్టు 12. అదే సరుకును అక్కడి దిగుమతిదారుకు టోకున అమ్మితే మామూలుగా ఈ బాధ్యత అతనిది. అందుకే సంఘాల బాధ్యులకు మా సూచన: ఎగుమతి ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, ఆ దేశంలో ఉత్పత్తిదారుగా నమోదయ్యేది ఎవరు, రుసుము ఎవరు కడతారు అన్న రెండు మాటలు రాతపూర్వకంగా రాయించుకోండి. నోటి మాట నమ్మకండి.

ఇప్పుడు మన చేను గట్టు మీదికి వద్దాం. విదేశాల్లో చొక్కాకు ఉన్న బాధ్యత ఇక్కడ పురుగుమందు డబ్బాకు ఎందుకు లేదు? పత్తి, మిర్చి వేసే ఏ ఊరికైనా వెళ్లండి. గట్ల మీద, కాలువల్లో, బావుల దగ్గర ఖాళీ డబ్బాలు, విత్తన ప్యాకెట్లు కనిపిస్తాయి. కొన్నింటిని పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన కొనుక్కుపోతారు. కొన్ని ఇళ్లలో ఆ డబ్బాల్లోనే నీళ్లు, నూనె పోసుకుంటారు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 44వ నిబంధన ఉంది. నీరు, పరిసరాలు కలుషితం కాకుండా వాడిన డబ్బాలను వదిలించే బాధ్యత మందు తయారుచేసే కంపెనీల మీద, కొట్టేవారి మీద ఉందని అది చెబుతోంది. 50 ఏళ్లు దాటింది. మన ఊళ్లకు డబ్బాలు ఎత్తుకుపోవడానికి వచ్చిన కంపెనీ బండి మేమైతే చూడలేదు. అమ్మడానికి వచ్చే బండ్లు మాత్రం ప్రతి సీజన్‌లో వస్తాయి.

ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద మన దేశంలోనూ 2022 ఫిబ్రవరిలో ఈపీఆర్ నిబంధనలు వచ్చాయి. కానీ కంపెనీ తన ప్యాకెట్‌నే వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఎక్కడో ఎవరో ప్లాస్టిక్ రీసైకిల్ చేసినట్టు సర్టిఫికెట్ కొని చూపిస్తే చాలు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కాగితం మీద బాధ్యత తీరిపోతుంది, గట్టు మీద డబ్బా అలాగే ఉంటుంది.

ఇది చేతకాని పనేమీ కాదు. బ్రెజిల్ 2000లో చట్టం చేసింది. రైతు డబ్బాను మూడుసార్లు కడిగి, ఏడాదిలోపు వెనక్కి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో మందు కొన్న బిల్లు మీదే ఉంటుంది. అమ్మినవాడు దాన్ని తీసుకునే ఏర్పాటు చేయాలి. అక్కడి నుంచి తరలించి రీసైకిల్ చేయడమో కాల్చడమో కంపెనీల పని. అక్కడ చేను దాకా వెళ్లిన డబ్బాల్లో నూటికి 90కి పైగా వెనక్కి వస్తున్నాయి. మనలాగే పత్తి పండించే దేశమే అది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి.

ఒకటి, ఎగుమతి కంపెనీలు విదేశాల్లో కట్టే ఈపీఆర్ ఖర్చును పత్తి ధరలో కోయకుండా చూడాలి. దానికి గట్టి అడ్డుకట్ట మద్దతు ధరకు చట్టబద్ధత. విదేశాల్లో ఎగుమతిదారులకు కష్టం వచ్చిన ప్రతిసారీ దిగుమతి సుంకం ఎత్తేసే అలవాటు మానాలి.

రెండు, పంట వివరాల నమోదు అవసరమైతే ఆ ఖర్చు కొనుగోలుదారుదే కావాలి. కౌలు రైతుకు కూడా అందులో చోటు ఉండాలి.

మూడు, నేరుగా ఎగుమతి చేసే రైతు, చేనేత సంఘాలకు ఈ నమోదుల్లో సాయం చేసే కేంద్రాన్ని రాష్ట్ర ప్రభుత్వం వరంగల్‌లోనే పెట్టాలి.

నాలుగు, పురుగుమందు డబ్బాలను అమ్మిన దుకాణంలోనే వెనక్కి తీసుకోవాలి. తిరిగి ఇచ్చిన రైతుకు డబ్బాకు ఇంత అని కంపెనీ చెల్లించాలి. తీసుకోని కంపెనీ లైసెన్సు రద్దు చేయాలి.

చివరి డిమాండ్ కోసం ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు, ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. వచ్చే గ్రామసభలో ప్రతి ఊరి యూనిట్ దీని మీద తీర్మానం పెట్టించాలి. 44వ నిబంధనను ఉదహరిస్తూ మండల వ్యవసాయ అధికారికి వినతిపత్రం ఇవ్వాలి. మందు కొన్నప్పుడు బిల్లు తప్పకుండా తీసుకోవాలి, ఎందుకంటే ఏ డబ్బా ఏ కంపెనీదో రేపు నిరూపించేది ఆ బిల్లే. ఖాళీ డబ్బాలను పిల్లలకు, పశువులకు అందకుండా ఒకచోట భద్రం చేయండి. సీజన్ అయిపోయాక వాటిని లెక్కపెట్టి, ఏ కంపెనీవి ఎన్నో రాసి సంఘం జిల్లా ఆఫీసుకు పంపండి. ఆ లెక్క చేతిలో పట్టుకునే కంపెనీలతో, కలెక్టర్‌తో మాట్లాడదాం.