నిమ్మకాయలు నలిగాక...

విశాఖపట్నం ఆసీల్‌మెట్టలో సంపత్ వినాయకుడి గుడి ముందు ఏ మంచిరోజు పొద్దున నిలబడినా ఒకటే దృశ్యం. కొత్త కారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, ముందు అద్దానికి బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఇంటాయన స్టీరింగ్ ముందు పదో తరగతి పరీక్ష రాయబోయే పిల్లాడిలా బిగుసుకుని కూర్చుంటాడు. వెనక సీట్లో బామ్మగారు, ప్లాస్టిక్ కవరు చప్పుడు చేస్తుందేమోనని ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. పూజారి కొబ్బరికాయ కొడతాడు. బండి అడుగు ముందుకేస్తుంది. నిమ్మకాయలు పుటుక్కుమంటాయి. బెజవాడ దుర్గమ్మ గుడి దగ్గరయినా, హైదరాబాద్ పెద్దమ్మ గుడి దగ్గరయినా ఇదే తంతు.

ఆ క్షణాన ఆ మొహాల్లో కనిపించే వెలుగుంది చూశారూ, ఏ షోరూమూ దాన్ని అమ్మలేదు. అయితే దాని ఆయుష్షెంత?

మొదటి నెల రోజూ తుడుస్తాం. ఎవరైనా చెప్పుల మట్టి దులుపుకోకుండా ఎక్కితే లోపల్లోపలే ఉడుక్కుంటాం. మూడో నెలలో ఎవడో ఆటోవాడు గీత పెట్టి పోతాడు. ఆ రాత్రి అన్నం సయించదు. రెండో గీతకి అంత బాధ ఉండదు. ఐదో గీత ఎప్పుడు పడిందో మనకే తెలీదు. ఏడాది తిరిగేసరికి డాష్‌బోర్డు మీద దుమ్ము, డోర్ పాకెట్లో టోల్ రసీదులు, సీటు కింద పిల్లలు పారేసిన వేరుశనగ తొక్కలు. కారు కాస్తా కాళ్లకి తొడుక్కునే చెప్పులయిపోతుంది.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాక ఇదంతా రాయాలనిపించింది. ఆరేళ్ల కిందట అప్పు చేసి, మోజుపడి కారు కొన్నారట. 'ఇప్పుడు దాన్ని చూస్తే కరెంటు బిల్లు చూసినట్టుంది. నడపబుద్ధి కావడం లేదు. గరగరమంటోంది, గుంతలో పడితే నడుము విరుగుతోంది. ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి కొత్తది తీసుకోమని మా బావమరిది పోరు. ఏం చేయను?' అని అడిగారు. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు ఒక్క ఒంగోలులోనే లేరు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. బీమా కంపెనీలు కారు విలువ కట్టేందుకు ఒక పట్టిక వాడతాయి. మొదటి ఆరు నెలలకు 5 శాతం తరుగు. ఏడాది నిండేసరికి 15 శాతం. మూడో ఏట 30. నాలుగేళ్లు దాటి ఐదులో ఉండగా సగానికి సగం. మార్కెట్లో ధర కాస్త అటూ ఇటూ ఉండొచ్చు గానీ, దారి మాత్రం కిందికే. పైగా షోరూములో కట్టిన లైఫ్ ట్యాక్సు, బీమా, వడ్డీ అమ్మేటప్పుడు ఎవరూ మనకి లెక్కగట్టి ఇవ్వరు. అంటే ఐదారేళ్లకోసారి కారు మార్చేవాడు తరుగు ఎక్కువగా ఉండే ముందు సంవత్సరాల ఖర్చునే జీవితాంతం భరిస్తూ ఉంటాడు. అప్పు తీరిపోయి, తరుగు నెమ్మదించి, కారు నిజంగా మనదయ్యే సమయానికి దాన్ని ఇంకొకరికి అప్పజెబుతాడు. స్తోమత ఉన్నవాళ్ల సంగతి వేరు. ఆనందం తగ్గిందని మాత్రమే మార్చేవాళ్లు ఒకటి గమనించాలి. కొత్తదాని మీద కూడా ఆటోవాళ్లు గీతలు పెడతారు.

సరే, ఆ గరగర మాటేమిటి? షెడ్డులో నలభై ఏళ్లుగా చేతులు నల్లబడ్డ మెకానిక్ ఎవర్నడిగినా చెప్పే సంగతే. కారు ముందుగా ముసలిదయ్యేది ఇనుములో కాదు, రబ్బరులో. సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ కింద ఉండే మౌంటింగులు, తలుపుల బీడింగులు, వైపర్ బ్లేళ్లు, అన్నింటికీ మించి టైర్లు. ఐదారేళ్ల ఎండకి ఇవి గట్టిపడిపోతాయి, పగుళ్లిస్తాయి. ఇంజిన్ వణుకు స్టీరింగులోకి, గుంత దెబ్బ నడుములోకి నేరుగా వచ్చేస్తుంది. మనమేమో 'బండి అయిపోయింది' అనుకుంటాం. షాక్ అబ్జార్బర్లూ, బుష్‌లూ, మౌంటింగులూ, నాలుగు టైర్లూ మారిస్తే అయ్యే ఖర్చు పెద్దదే. కానీ కొత్త కారు కొన్నాక కట్టే నాలుగైదు వాయిదాలు కలిపితే చాలా కార్లకి ఆ ఖర్చు తేలిపోతుంది. షెడ్డు నుంచి బయటికొచ్చి మొదటి స్పీడ్ బ్రేకరు దాటినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

టైరు పక్కన అంకెలుంటాయి, ఎప్పుడైనా చదివారా? చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019 సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. పైన గాడి లోతుగానే కనిపిస్తున్నా లోపల రబ్బరు చచ్చిపోయి ఉండొచ్చు. గాలి ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరులో రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు 'ఎంత కొట్టమంటారు సార్' అంటే 'నువ్వే చూసి కొట్టు' అంటాం మనం. వాడికి మన కారుతో ఏం చుట్టరికం? పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. నైట్రోజన్ అంటూ అదనంగా వసూలు చేస్తారు కొన్నిచోట్ల. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మామూలు గాలి వారం వారం చూసుకునేవాడికి ఆ ముచ్చట అక్కర్లేదు.

ఈ చిన్న పనులు ఎందుకు చెబుతున్నానంటే, కారు మీద ఇష్టం చేతుల్లోంచే పుడుతుందని నా గట్టి నమ్మకం. కాకినాడలో మా బాబాయి దగ్గర చూశాను ఆ ఇష్టం. నీటిపారుదల శాఖలో ఉద్యోగం. 1980లలో ఒక పాత ఫియట్ కొన్నాడు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. ఫియట్ గానీ అంబాసిడర్ గానీ ఉన్నవాడు ఆ రోజుల్లో సగం మెకానిక్ కాక తప్పేది కాదు. డిక్కీలో నీళ్ల డబ్బా, ఒక ఫ్యాన్ బెల్టు, ఉప్పు కాగితం ముక్క. పాయింట్లు మసిబారితే ఆ కాగితంతో గీకి, గ్యాప్ సరిచేసి, మళ్లీ సెల్ఫ్ కొట్టేవాడు. ఆనాటి కార్లు మళ్లీ రావాలని నేను అనను. బ్రేకు మీద నిలబడితే గానీ ఆగని బండ్లు అవి. బెల్టుల్లేవు, ఎయిర్ బ్యాగుల్లేవు. గుద్దుకుంటే స్టీరింగే గుండెల్లో దిగేది. ఉత్తరపారలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో చాలామంది దాన్ని వేసవిలో నడిపి ఉండరు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక అంతా మారింది. తాళం తిప్పితే చాలు, స్టార్టయ్యే కారు. మా బాబాయి కూడా ఫియట్ అమ్మేసి 800 కొన్నాడు. బానెట్ ఎత్తాల్సిన అవసరం పోయింది. ఆయన మాత్రం ఎత్తడం మానలేదు. ప్రతి ఆదివారం పొద్దున ఆయిల్ పుల్ల తీసి చూసేవాడు, బ్యాటరీ టెర్మినళ్లకి తెల్లగా పట్టిన బూజు వేడినీళ్లతో కడిగేవాడు. 'ఏముంది బాబాయ్ అందులో, అంతా బాగానే ఉందిగా' అంటే, 'ఒరేయ్ అబ్బాయ్, పక్కింటివాణ్ణి అప్పు కావాలన్నప్పుడే పలకరిస్తామా ఏంటి?' అనేవాడు.

ఇప్పటి కార్లలో బానెట్ కింద నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించదు, నిజమే. అయినా చూడాల్సినవి మిగిలే ఉన్నాయి. కూలెంట్ మట్టం, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్. ఈ బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మనం మాత్రం బ్రేకులు పట్టినంతకాలం దాని ఊసెత్తం. అపార్టుమెంటు సెల్లార్లో వారాల తరబడి కదలకుండా ఉండే కారుకి ఇంకో బెడద, ఎలుకలు. వైర్లు కొరికేస్తాయి. పొగాకు కాడలు కట్టమని కొందరు, బిళ్లలు పెట్టమని కొందరు. నేను చూసినంతలో రోజూ తిరిగే కారు జోలికి ఎలుక పోవడం తక్కువ. నిలబెట్టిన బండికి బ్యాటరీ దిగుతుంది, టైరు ఒక పక్కే అణిగిపోతుంది. కారు ముచ్చట తీరిందని మూల పెట్టేవాళ్లు దాన్ని ఇంకా త్వరగా చంపుతున్నారన్నమాట.

ఇక నడపడం సంగతి. అమీర్‌పేటలోనో, బెంజి సర్కిల్లోనో సాయంత్రం ఆరున్నరకి క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు వాచినవాడికి డ్రైవింగులో ఆనందం గురించి చెబితే కొడతాడు. కొట్టనివ్వండి, న్యాయమే. ఆ పూటకి బస్సో మెట్రోనో ఎక్కడమే కారు మీద ప్రేమ ఉన్నవాడు చేయాల్సిన పని. కారుని ఆఫీసు గాడిదగా వాడితే అది గాడిదలాగే కనిపిస్తుంది. నెలకోసారయినా ఎక్కడికీ అక్కర్లేకుండా, ఎవరి పెళ్లికీ కాకుండా, ఊరికే నడపడానికి తీయాలి. తెల్లవారుజామున ఐదింటికి విశాఖ నుంచి భీమిలి దాకా వెళ్లిరండి. ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం, రోడ్డు మీద మీరూ నడకకొచ్చిన నలుగురూ. పాటలు వద్దు. కిటికీ దించి, ఇంజిన్ ఏ గేరులో ఎలా పలుకుతుందో వినండి.

కాస్త ధైర్యం ఉంటే ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి కాఫీ తోటల మీదుగా అరకు. లేదంటే మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు. హైదరాబాద్ వాళ్లకి నల్లమల ఉండనే ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి లెక్కచూసుకుని బయల్దేరాలి. రాత్రిళ్లు ఆ రోడ్డు జంతువులది. ఘాట్‌లో ఎక్కేటప్పుడు అందరూ బాగానే నడుపుతారు. దిగేటప్పుడే తెలుస్తుంది పనితనం. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లున్నారు. బ్రేకులు కాలి, కమురు వాసన వచ్చి, పెడల్ మెత్తబడ్డాక ఇక దేవుడే దిక్కు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. ఆటోమేటిక్ అయితే ఎల్ లోనో మాన్యువల్‌లోనో పెట్టుకోవాలి. కరెంటు బండిలో కాలు తీయగానే మోటారే వేగం తగ్గించి, బ్యాటరీలోకి కొంత చార్జి కూడా పంపుతుంది. దిగుతుంటే పర్సెంటు పెరగడం చూస్తే పిల్లలకే కాదు, పెద్దలకీ సరదాయే. ఇరుకు మలుపులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది రూలు. మన దగ్గర పెద్ద బండికి చిన్న బండి దారివ్వడమే రూలయిపోయింది, అది వేరే సంగతి.

పదిహేనేళ్లు దాటిన కారు ఉంచుకోవచ్చా అని చాలామందికి సందేహం. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు చూసి దేశమంతా అంతేననుకుంటారు. అవి ఢిల్లీ గాలి కోసం ఇచ్చినవి. మన దగ్గర ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్సు కట్టి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. కాకపోతే ఖర్చు పెరిగింది. 600 రూపాయలున్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. పొగ కక్కే బండిని మమకారం పేరుతో రోడ్డు మీద తిప్పడాన్ని నేను సమర్థించను. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పదిహేనేళ్లు నిండాయని తుక్కుకి పంపడాన్నీ సమర్థించలేను.

ఈ ముచ్చటకి మన వైపు నుంచి కూడా గడువుంటుంది. దాన్ని మాత్రం ఎవరూ తలుచుకోరు. యాభై అయిదు దాటాక లైసెన్సు ఐదేళ్లకోసారి మాత్రమే పొడిగిస్తారు, అదీ డాక్టరు సర్టిఫికెట్ తోటి. మా బాబాయి డాక్టరు చెప్పేదాకా ఆగలేదు. డెబ్బై దాటాక ఎదురు లైట్లు కళ్లలో పడి చెదురుతున్నాయని రాత్రి నడపడం మానేశాడు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా మళ్లీ మొదలెట్టలేదు. తర్వాత హైవే మానేశాడు. డెబ్బై ఆరో ఏట ఒకరోజు మార్కెట్ దగ్గర సైకిల్ కుర్రాడు అడ్డమొస్తే బ్రేకు వేశాడు. కుర్రాడికేం కాలేదు. ఇంటికొచ్చి తాళాలు మనవరాలి చేతిలో పెట్టి, 'అమ్మా, కాలు అర సెకను ఆలస్యంగా పోయింది. ఇకనుంచి ఎడమ సీటు నాది' అన్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ పోరు పెట్టలేదు. బాధ లేదా అంటే ఉంది. వారం రోజులు పిన్నితో కూడా సరిగ్గా మాట్లాడలేదట. ఆ తర్వాత ఆదివారం మళ్లీ బానెట్ ఎత్తాడు, ఈసారి మనవరాలిని పక్కన నిలబెట్టుకుని.

ఒంగోలు మిత్రులకి నేను చెప్పేదిదీ. బావమరిదిగారిని నెల్లాళ్లు ఆగమనండి. టైర్ల మీద నాలుగంకెలు చదవండి. నమ్మకమైన మెకానిక్‌కి బుష్‌లు, మౌంటింగులు, షాక్ అబ్జార్బర్లు చూపించి లెక్క వేయించండి. లోపల సీట్లు తీయించి శుభ్రంగా కడిగించండి, ఆరేళ్ల నాటి వేరుశనగ తొక్కలు దొరుకుతాయి. ఆ తర్వాత ఒక ఆదివారం తెల్లవారకముందే ఒక్కరే బయల్దేరి కొత్తపట్నం బీచి దాకా వెళ్లిరండి. తిరిగొచ్చాక కూడా అమ్మాలనే ఉంటే నిక్షేపంగా అమ్మేయండి. బాగుచేయించిన కారుకి రేటు కూడా నాలుగు డబ్బులు ఎక్కువే వస్తుంది.