ఆ చివరి పేజీలు

"రాత్రంతా నిద్రపోలేదా? గొంతు అలా ఉందేం?" అని అడిగింది అమ్మ ఫోన్లో.

"స్విచ్చి పాడైందమ్మా" అన్నాను.

కాసేపు అవతల నిశ్శబ్దం. "ఒక్క స్విచ్చి కోసం రాత్రంతా మేలుకున్నావా? మన వీధి చివర ఎలక్ట్రీషియన్ పావుగంటలో మార్చేస్తాడు. అమెరికాలో వాళ్ళు దొరకరా?" అంది పాపం, నిజమైన జాలితో.

కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో నా ఉద్యోగం గురించి ఉన్న అవగాహన ఇది. తప్పు వాళ్ళది కాదు లెండి, నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

మా స్విచ్చి వేరు. ఆఫీసుల్లో, గోడౌన్లలో, ఆస్పత్రుల్లో ఒక మూల బీరువాలో కూర్చుని, 24 కేబుళ్ళో 48 కేబుళ్ళో తగిలించుకుని, ఏ కంప్యూటరు మాట ఏ కంప్యూటరుకి చేరాలో చూసుకునే ఇనప డబ్బా అది. దానికీ లోపల ఓ చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. తయారుచేసిన కంపెనీ కొన్ని నెలలకోసారి కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తుంది. దాంతోపాటు రిలీజ్ నోట్స్ అని ఓ పుస్తకం కూడా. అందులో సాధారణంగా మూడు సంగతులుంటాయి: కొత్తగా ఏం చేర్చాం, పాతవాటిలో ఏం బాగుచేశాం, ఇంకా బాగుచెయ్యకుండా ఏం మిగిలిపోయాయి. ఈ మూడోదాన్ని నోన్ ఇష్యూస్ అంటారు. అంటే, మాకు తెలిసిన లోపాలు.

మొదటి భాగం అందరూ చదువుతారు. రెండోది కొందరు చదువుతారు. మూడోది ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది, అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. నన్నడిగితే చదవాల్సింది అదే.

వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు మనవాళ్ళు. పెళ్ళిళ్ళ పేరయ్య ఎవరైనా "అబ్బాయికి గురక ఉంది, కోపం ఎక్కువ, నెలాఖరుకి అప్పులు చేస్తాడు, మిగతావి ఇంకా పరిశీలిస్తున్నాం" అని కాగితం మీద రాసి ఇవ్వడం ఎప్పుడైనా చూశారా? ఈ స్విచ్చిల కంపెనీలు మాత్రం ఆ పని చేస్తాయి. అమ్మేవాడు తన సరుకు లోపాలు తనే రాసివ్వడం ఏ వ్యాపారంలోనైనా అరుదే.

కొన్ని లోపాలు భలే ఉంటాయి. 2013లో సిస్కో తన కాటలిస్ట్ 3650, 3850 స్విచ్చిల గురించి ఓ హెచ్చరిక ఇచ్చింది. 48 పోర్టుల మోడళ్ళలో మొదటి పోర్టుకి సరిగ్గా పైన మోడ్ బటన్ ఉంటుంది. కొన్ని కేబుళ్ళ కొసన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, అలాంటి కేబులు ఆ పోర్టులో గుచ్చితే తొడుగు వెళ్ళి బటన్ని నొక్కి పట్టుకుంటుంది. బటన్ని కాసేపు నొక్కి ఉంచితే స్విచ్చి తన సెట్టింగులన్నీ మరిచిపోయి కొత్త పెళ్ళికూతురిలా కూర్చుంటుంది. కేబులు గుచ్చిన పాపానికి ఆఫీసు నెట్‌వర్కు మొత్తం పోతుంది! ఆ హెచ్చరిక చదివినవాడు ఒక కమాండుతో ఆ బటన్ని నిద్రపుచ్చి హాయిగా ఉంటాడు. చదవనివాడు దెయ్యం పట్టిందనుకుంటాడు.

ఇక నా సంగతి. 2019 వేసవిలో కొలంబస్ దగ్గర ఒక గోడౌన్‌లో స్విచ్చి ఫర్మ్‌వేర్ మార్చాలి. శనివారం అర్ధరాత్రి మొదలుపెట్టాం. హైదరాబాదులో అప్పటికి ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. అక్కణ్ణించి ఒక కుర్రాడు కమాండ్లు కొడుతున్నాడు. నేను మా ఇంటినుంచి ఫోన్లో. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు స్విచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. పన్నెండూ నలభైకి రీబూట్ చేశాం. మామూలుగా ఐదారు నిమిషాల్లో రావాలి. పదిహేను నిమిషాలైనా రాలేదు. రెండింటికి లారీలొస్తాయి. సూపర్‌వైజరు నిమిషానికోసారి టైము చెబుతున్నాడు.

"అన్నా, ఇంకాసేపు ఆగుదాం" అన్నాడు కుర్రాడు. "మొదటిసారి బూటయ్యేటప్పుడు పోర్టులకి కరెంటిచ్చే చిప్పు ఫర్మ్‌వేర్ కూడా మారుతుందట. అరగంట దాకా పట్టొచ్చు, మధ్యలో పవరు తియ్యొద్దని రాశారు."

"ఎక్కడ రాశారు?"

"నోన్ ఇష్యూస్‌లో అన్నా. గురువారం మెయిల్లో పంపాను మీకు."

పంపాడు. నలభై పేజీల పీడీఎఫ్. నేను తెరవలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, "అది మన మోడల్‌కి కాదులే" అనేశాను. ఏ ఆధారంతో అన్నానో నాకే తెలీదు. ఒంటిగంటా ఐదుకి సూపర్‌వైజరుతో పవర్ కేబులు పీకించాను.

ఆ స్విచ్చి మళ్ళీ లేవలేదు. ఇంకో ఊళ్ళో ఉన్న స్పేరు తెప్పించి పెట్టేసరికి పొద్దున్న ఎనిమిదిన్నర. అప్పటిదాకా లారీలు ఆగాయి, గోడౌన్ వాళ్ళు సరుకు లెక్కలు చేత్తో రాసుకున్నారు.

సోమవారం మీటింగులో క్లయింటు మేనేజరు అడిగాడు, "మీ ఇండియా టీము రిలీజ్ నోట్స్ చదవలేదా?" అని. నేనేం మాట్లాడలేదు. అబద్ధం చెప్పలేదండీ, నోరు తెరవలేదంతే. నా మౌనమే వాళ్ళకి జవాబైంది. బుధవారానికి ఆ కుర్రాణ్ణి మా ప్రాజెక్టునుంచి తీసేశారు.

ఆ వారాంతం అమ్మకి కథంతా చెప్పాను, ఆవిడకి అర్థమయ్యే భాషలో. మొత్తం విని ఒక్కటే అడిగింది. "మరి ఆ పిల్లాడు ముందే చెప్పాడుగా?"

ఆ రాత్రే క్లయింటుకి మెయిల్ రాశాను, ఆ కుర్రాడి పాత మెయిల్ కూడా జతచేసి. వాళ్ళు చదివి, సరే, ఇకనుంచి జాగ్రత్త అన్నారు. అంతే! నేను భయపడ్డ ప్రళయమేదీ రాలేదు. కానీ కుర్రాడికి అప్పటికే ఇంకో ప్రాజెక్టు ఇచ్చేశారు, వెనక్కి రాలేదు. ఫోన్ చేసి క్షమించమన్నాను. "పర్లేదన్నా, నేనే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అందుకే ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి.

మా వృత్తిలో రెండు మతాలున్నాయి. "నడుస్తున్నదాన్ని కెలక్కు" అనేది ఒకటి. "రాగానే వేసెయ్" అనేది రెండోది. రెండింటిలోనూ ఒకటే సుఖం, చదవక్కర్లేదు.

మొదటి మతంవాళ్ళకి రెండు కథలు. 2018 మార్చి 28న సిస్కో తన స్విచ్చిల్లోని స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సౌకర్యంలో పెద్ద లోపం ఉందని చెప్పి, మందు కూడా ఇచ్చింది. పది రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 6న, అదే స్మార్ట్ ఇన్‌స్టాల్ దారిలో వచ్చి ఎవరో బోలెడు స్విచ్చిల సెట్టింగులు తుడిచిపెట్టారు. ఒక్క ఇరాన్‌లోనే దాదాపు 3,500 స్విచ్చిలని అక్కడి అధికారులు చెప్పారు. అయిపోయిన కథ అనుకోకండి. ఏడేళ్ళ తర్వాత, 2025 ఆగస్టులో, రష్యా గూఢచారులు అదే లోపాన్ని ఇంకా వాడుకుంటున్నారని ఎఫ్‌బీఐ హెచ్చరించింది. రెండోది, స్విచ్చి కాదుగానీ దగ్గరి చుట్టమే. కొన్ని ఎస్సెస్డీ డిస్కులు సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలు నడిచాక చచ్చిపోతాయని 2019 నవంబరులో హెచ్‌పీఈ ప్రకటించింది. ఫర్మ్‌వేర్ ముందే మార్చుకుంటే బతుకుతాయి, లేకపోతే లోపలి డేటాతో సహా పోతాయి. ఒకే రోజు పెట్టిన డిస్కులైతే దాదాపు ఒకేసారి! కెలక్కుండా కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే.

రెండో మతంవాళ్ళకి నా గోడౌన్ కథ చాలు. దొంగల దారి మూసే అప్‌డేట్లని ఆలస్యం చెయ్యొద్దు. కొత్త హంగుల కోసం వచ్చేవాటికి తొందరేం లేదు, నాలుగు వారాలు పోనివ్వండి, ముందు ఒక్క స్విచ్చి మీద వేసి చూడండి. ఏదైనా సరే, చివరి పేజీలు చదివాకే.

ఆ చదవాల్సింది ఎవరు? కమాండ్లు కొట్టే కుర్రాడు కాదు. "కానీయ్" అనో "పీకెయ్" అనో చెప్పే అధికారం ఎవరికుందో వాళ్ళు. చదివే పని ఒకరికి, నిర్ణయం ఇంకొకరికి, నింద మళ్ళీ మొదటివాడికి - ఇది మన ఆన్‌సైట్, ఆఫ్‌షోర్ ఏర్పాటులో మామూలైపోయింది. ఇక్కడ కూర్చున్న మనం దాని గురించి పెద్దగా మాట్లాడం, ఎందుకంటే అది మనకి అనుకూలం.

కంపెనీలకీ ఒక మాట. లోపాల జాబితా పొడుగ్గా ఉంటే మీ పరువేం పోదు. పొడుగ్గా ఉన్నవాళ్ళనే నేను ఎక్కువ నమ్ముతాను. కానీ కొందరు లోపాల పూర్తి వివరాలు చూడాలంటే సపోర్టు కాంట్రాక్టు కట్టి లాగిన్ అవ్వాలంటారు. ఇది మాత్రం అన్యాయం. సెకండ్‌హ్యాండులో స్విచ్చి కొనుక్కున్న చిన్న స్కూలుకి కూడా దాని జబ్బులేమిటో తెలియాలి.

ఇప్పుడు నా అప్‌డేట్ కాల్స్ అన్నీ ఒకేలా మొదలవుతాయి. నోన్ ఇష్యూస్‌లో మా మోడల్‌కి సంబంధించినవి నేనే పైకి చదువుతాను. పది నిమిషాలు పడుతుంది. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. ఇంకో నియమం కూడా ఉంది. కాల్‌లో ఎవరైనా, ఎంత చిన్నవాడైనా, "ఆగుదాం" అంటే ఆగుతాం. ఎందుకో చెప్పే బాధ్యత వాడిది, వినే బాధ్యత నాది.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు హాల్లో టీవీ పక్కనున్న వై-ఫై డబ్బా సంగతి చూడాలి. దానికీ ఓ ఫర్మ్‌వేర్ ఉంది, కొన్నాక ఎవరూ ముట్టుకోలేదు. మీ ఇంట్లోదీ అంతే అయ్యుంటుంది, చూసుకోండి. ముందు చివరి పేజీలు చదివి, ఆ తర్వాత అప్‌డేట్ చెయ్యండి. లైట్లు వెలగడం ఆలస్యమైతే మాత్రం, దయచేసి, పవరు పీకకండి.