సొంత విమానానికి బ్రేకు గొట్టమే ప్రాణం

సొంతంగా విమానం నిర్మించుకునే వారి గురించి వార్త వెలువడితే అందరి దృష్టీ ఇంజిను, రెక్కలపైనే నిలుస్తుంది. అయితే గాలిలోకి లేచిన యంత్రం చివరకు ఆగవలసింది నేలపైనే. ఆ భారం మోసేది పావు అంగుళం మందం గల బ్రేకు గొట్టం.

ఆదిలాబాద్ జిల్లాకు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2021 ఆగస్టులో ఓ యువకుడు తాను తయారు చేసుకున్న హెలికాప్టర్‌ను పరీక్షిస్తుండగా రెక్క తలకు తగిలి మృత్యువాత పడ్డాడు. ఆ దుర్ఘటనకు బ్రేకులతో సంబంధం లేదు. అయినా సొంత తయారీలో ప్రతి భాగాన్నీ ఇతరులు తనిఖీ చేయవలసిన అవసరాన్ని అది చాటింది.

ఒక పక్క కారితే..

చిన్న విమానాలలో కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకులు ఉంటాయి. పెడల్ పైభాగాన్ని మునివేళ్లతో నొక్కగానే మాస్టర్ సిలిండర్ నుంచి ఒత్తిడి గొట్టం ద్వారా చక్రం వద్ద గల కాలిపర్‌కు చేరుతుంది. ముక్కు చక్రం స్వేచ్ఛగా తిరిగే నమూనాలలో నేలపై మలుపు తిప్పేది కూడా ఈ బ్రేకులే. ఒకవైపు గొట్టం కారితే విమానం రెండోవైపునకు లాగి రన్‌వే దాటే ప్రమాదముంది.

కారు అలవాటుతో చేటు

మోటారు మెకానిక్ అనుభవం ఇక్కడ కొంతవరకే అక్కరకు వస్తుంది. కార్లలో వాడే డాట్-3, డాట్-4 ద్రవాలు గ్లైకాల్ ఆధారితాలు. చిన్న విమానాలలో అత్యధికం ఎర్రని 5606 రకం ఖనిజ తైలంతో, నైట్రైల్ రబ్బరు సీళ్లతో పనిచేస్తాయి. ఒకదాని బదులు మరొకటి పోస్తే సీళ్లు పాడై బ్రేకులు విఫలమవుతాయి. గొట్టం చివరను విప్పార్చే కోణం సైతం కార్లలో 45 డిగ్రీలు కాగా, విమానాలలో 37 డిగ్రీలు. రెండింటినీ కలిపి బిగిస్తే పైకి అతికినట్లే కనిపించినా ఒత్తిడికి నిలవదు.

అగ్ని ప్రమాదమూ పొంచి ఉంటుంది. 5606 తైలానికి నిర్దేశించిన కనీస ఫ్లాష్ పాయింట్ 82 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. 83282 రకానికి అది 205 డిగ్రీలు. కాలిన బ్రేకు డిస్కుపై తైలం కారితే ఈ తేడాయే కీలకమవుతుంది.

గొట్టంలో గాలి మిగిలితే పెడల్ మెత్తబడుతుంది. గాలి బుడగలు పైకి చేరుతాయి కనుక, చక్రం వద్ద నుంచి పైనున్న తొట్టి వైపు ద్రవాన్ని నెట్టుతూ నింపడం మేలైన పద్ధతి. కదిలే పెడళ్ల వద్ద వంగే గొట్టం అమర్చడం, మిగతాచోట్ల రాపిడి తగలకుండా మెత్తని క్లాంపులతో బిగించడం తప్పనిసరి.

తనిఖీయే రక్ష

అమెరికాలో నిర్మాణంలో సగానికి మించిన పని ఔత్సాహికులే చేయాలన్న నిబంధన ఉంది. ఎగిరే ముందు అధీకృత తనిఖీ తప్పదు. 1953లో ఏర్పడిన ప్రయోగ విమాన సంఘం (ఈఏఏ) స్వచ్ఛంద సలహాదారులు నిర్మాణ దశలోనే వచ్చి లోపాలు చూపుతారు. మన దేశంలో ముంబయిలోని ఇంటి డాబాపై విమానం నిర్మించిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కు ఏళ్ల నిరీక్షణ అనంతరం 2017లో గానీ డీజీసీఏ రిజిస్ట్రేషన్ లభించలేదు.

అనుమతి జాప్యమైతే ఉత్సాహవంతులు చాటుగా ప్రయోగాలకు దిగుతారు. అప్పుడు కారు దుకాణంలో దొరికిన గొట్టమే విమానానికి చేరుతుంది. దాన్ని పరిశీలించి వద్దనే వారుండరు. ఉత్సాహాన్ని అణచకుండా, నిర్మాణ దశలోనే తనిఖీ చేసే ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.