కంప్యూటరు వచ్చినది, నేర్చినవారెవరు?



2022వ సంవత్సరము జూన్ మాసమున కేంద్ర ప్రభుత్వమువారు దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరునకు మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించిరి. నిర్వహణభారము నాబార్డుపై నుంచబడినది. భాగించి చూచిన సంఘమొక్కింటికి సుమారు 4 లక్షలగును. యంత్రము, సాఫ్టువేరు, పాత పద్దుల నెక్కించుట, సిబ్బందికి శిక్షణము, ఇన్నియు నిందులోనివే. యంత్రమునకు పూలదండ వేసి ఫొటో తీయించుకొనుటకు మనవారెవ్వరును వెనుదీయరు. శిక్షణమను మాట వచ్చునప్పటికి మాత్రము "గుమాస్తాను రెండు దినములు పంపితిమి, చాలును" అందురు. నా తగవు ఈ "చాలును" తోడనే.

డెల్టాలో నేనెరిగిన యొక సంఘమున జరిగిన సంగతి వినుడు. పట్టణమునుండి ఒప్పందముపై వచ్చిన యువకుడొకడు మూడు మాసములు కూర్చుండి సభ్యుల ఖాతాలన్నియు నెక్కించెను. పనిమంతుడే. కాని ఇంటిపేరును పేరును ఒక్కటియే యైన ఇద్దరు రైతులలో లంకపొలము వాడెవడో, కాలువక్రింది వాడెవడో అతనికెట్లు తెలియును? ఒకరి బాకీ వేరొకరి పేర నెక్కినది. గడువు తీరగానే అతడు వెడలిపోయెను. పద్దు దిద్దు విధము కార్యదర్శికి తెలియదు. బాకీయే లేని రైతు బాకీ లేదను పత్రమునకై రెండు నెలలు తిరిగెను. ఈలోపల ఎరువు వేయు అదను దాటిపోయినది.

ఈ-పంట నమోదు సంగతియు నిట్టిదే. కౌలుదారునకు బదులు భూస్వామి పేరు నమోదైనచో, ధాన్యము అమ్మునాడును, నష్టపరిహారము వచ్చునాడును ఏడ్చువాడెవడో కృష్ణా డెల్టా రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందుకు మార్గము క్రొత్తగా కనిపెట్టవలసిన పనిలేదు. 2004లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారు "ఈ-సాగు" అను పద్ధతిని ఓరుగల్లు జిల్లాలోని మూడు గ్రామములలో పత్తిచేలయందు ప్రవేశపెట్టిరి. చదువుకొనిన స్థానిక రైతులకే తర్ఫీదునిచ్చి సమన్వయకర్తలుగా నియమించిరి. వారు చేనుచేనునకు పోయి పైరు ఫొటోలు తీసి పంపగా, హైదరాబాదునందలి వ్యవసాయ నిపుణులు వానిని చూచి సలహాలు వ్రాసి పంపుచుండిరి. మొదట ఫొటోలను సీడీలలో నింపి పంపవలసివచ్చెడిది! నిపుణుడు దూరముననున్నను, చేనిగట్టున నిలిచి ఏ ఆకు చూపవలయునో తెలిసినవాడు ఆ యూరివాడే. ఆ యేర్పాటులో నాకు నచ్చినది ఇదియే.

2008లో గ్రామీణ విద్యార్థులకై స్థాపింపబడిన నూజివీడు ట్రిపుల్ ఐటీ మన గుమ్మముననే యున్నది. అందు చదివిన బిడ్డలు బెంగుళూరునకో, హైదరాబాదునకో పోవుదురు, పోనిండు. ఆ జీతములతో సంఘము పోటీపడజాలదు, పడనక్కరయు లేదు. సంఘమునకు కావలసినవారు ఊరిలోనే యుండదలచిన డిగ్రీ చదువరులు. ముఖ్యముగా మన కుమార్తెలను, కోడండ్రను మరువరాదు. డ్వాక్రా సంఘముల పద్దులు వ్రాసి వడ్డీ కట్టి చూపుచున్న స్త్రీలు ప్రతి గ్రామమునను గలరు. వారికి లెక్క నేర్పవలసినది లేదు, యంత్రము మాత్రమే నేర్పవలయును.

"నేర్పిన పిమ్మట వెడలిపోయినచో?" అని కొందరు పెద్దలడుగుదురు. కొందరు వెడలుదురు, నిజము. చచ్చిన మొక్కలచోట నాటుకొనుటకై నారు కొంత యెక్కువ పోసుకొను రైతునకు దీనికి సమాధానము తెలియదా? ఇద్దరికి నేర్పుడు. ఒకరు పోయిన రెండవవారు మూడవవారికి నేర్పుదురు. జీతము నెలనెల ఇండు, ఆరు నెలల కొకమారు కాదు. నేర్చిన కొలది కొంత పెంచుడు. బాగుగా నేర్చిన పిల్లను టీ తెప్పించుటకును, పాలకవర్గ సభ్యుల ఫోనులు రీచార్జి చేయుటకును వాడుకొన్నచో ఆమె నిలువదు, నిలువవలెనని కోరుటకు మనకు హక్కును లేదు.

రాబోవు మహాజనసభలో శిక్షణమునకు బడ్జెటున ఎంత వ్రాసిరో, పాస్‌వర్డు సంఘమునం దెవరియొద్ద నున్నదో, గుత్తేదారు వెడలిన మరునాడు పద్దు దిద్దగలవారెవరో అడుగుడు. ప్రతి సభ్యునకును తన ఖాతా తెలుగులో అచ్చుతీసి ఇమ్మని తీర్మానింపుడు. కాగితము చేతికి వచ్చినప్పుడు వెంటనే సంతకము పెట్టక, ఇంటనున్న విద్యార్థిచేత చదివించుకొని, తండ్రి పేరును సర్వే నంబరును సరిచూచుకొనుడు.